తల తగిలిన ఆ పది సెకన్లు: ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో హెడ్‌బట్‌ను రిఫరీ ఎలా తేల్చాలి

మీరు అడిగిన ప్రశ్న ఇది: "1997లో టైసన్, హోలీఫీల్డ్ రెండో పోరులో హోలీఫీల్డ్ తల తగిలి టైసన్ కుడి కనుబొమ చిట్లింది. రిఫరీ మిల్స్ లేన్ అది అనుకోకుండా జరిగిందన్నాడు, ఒక్క పాయింట్ కూడా తీయలేదు. ఇది న్యాయమా? కావాలని కొట్టాడో, పొరపాటున తగిలిందో రిఫరీకి ఎలా తెలుస్తుంది?"

సూటిగా చెప్పాలంటే, ఆటగాడి మనసులో ఏముందో ఏ రిఫరీకీ తెలియదు. తెలుసుకోనక్కర కూడా లేదు. రిఫరీ తేల్చాల్సినవి రెండే. మొదటిది, ఈ గాయం గుద్దు వల్లా, తల వల్లా? రెండోది, ముందు వచ్చింది చెయ్యా, తలా? ఈ రెంటికీ జవాబు తల తగిలిన పది సెకన్లలోనే అందరికీ వినిపించేలా చెప్పేయాలి. హెడ్‌బట్ (తలతో తగలడం) విషయంలో అన్యాయాలు చాలావరకు ఆ పది సెకన్లు జారిపోవడం వల్ల జరిగినవే. తప్పు పేరు పెట్టడం వల్ల జరిగినవి అంతకంటే తక్కువ.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. అమెరికాలో చాలా రాష్ట్రాల బాక్సింగ్ కమిషన్లు (పోటీలను నియంత్రించే సంస్థలు) పాటించే ఏకీకృత నిబంధనల ప్రకారం తల తగిలి గాయమైతే రెండు దారులున్నాయి. కావాలని చేసిన ఫౌల్ అని రిఫరీ తేల్చి, గాయం వల్ల బౌట్ (పోరు) అక్కడికక్కడే ఆగిపోతే, కొట్టినవాడు డిస్‌క్వాలిఫై అవుతాడు, అంటే అనర్హుడై ఓడిపోతాడు. గాయపడినవాడు కొనసాగించగలిగితే కొట్టినవాడికి 2 పాయింట్ల కోత తప్పనిసరి. అదే గాయం ముదిరి తర్వాతి రౌండ్లలో ఆట ఆపాల్సివస్తే అప్పటిదాకా జడ్జీలు వేసిన స్కోరు కార్డులు తెరుస్తారు. గాయపడినవాడు ముందుంటే అతనిదే గెలుపు. వెనకబడి ఉన్నా, సమానంగా ఉన్నా టెక్నికల్ డ్రా, అంటే మధ్యలో ఆగిన ఆటలో ఇద్దరూ సమానం. అంటే కావాలని కొట్టినవాడికి ఆ గాయం ద్వారా గెలిచే దారి ఏ వైపునా లేదు. ఈ నిబంధన రాసినవాళ్లు ఇక్కడ బాగా ఆలోచించారు.

అనుకోకుండా తగిలితే లెక్క వేరు. నాలుగు రౌండ్లు పూర్తికాకముందే ఆట ఆగితే నో కాంటెస్ట్, అంటే ఎవరికీ గెలుపు లేదు, ఓటమి లేదు. నాలుగో రౌండ్ ముగింపు గంట మోగాక ఆగితే అప్పటిదాకా ఎవరు ముందుంటే వారిదే గెలుపు, దీన్నే టెక్నికల్ డెసిషన్ అంటారు. సగంలో ఆగిన రౌండుకు కూడా జడ్జీలు స్కోరు వేస్తారు. నాలుగు రౌండ్ల చిన్న బౌట్లలో ఈ గీత దాటే అవకాశమే దాదాపు ఉండదు కాబట్టి, తల తగిలి ఆగిన చిన్న బౌట్లు నో కాంటెస్ట్‌గానే ముగుస్తాయి.

చాలామంది గమనించని నిబంధన ఇంకొకటుంది. తలతో తగిలిన చిన్న చీలికను తర్వాత చక్కటి గుద్దులతో పెద్దది చేశారనుకుందాం. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం ఆ గాయం పుట్టుక ఫౌల్‌లోనే ఉంది కాబట్టి, తర్వాత ఆట ఆగినా దాన్ని టీకేఓగా (టెక్నికల్ నాకౌట్, అంటే దెబ్బల వల్ల ఒకడు ఆడలేడని ఆట ఆపి ఎదుటివాడికి ఇచ్చే గెలుపు) లెక్కించరు, స్కోరు కార్డుల దగ్గరికే వెళతారు. ఇక తలతో కొట్టబోయి తన కనుబొమే చిట్లించుకున్నవాడికి ఏ రక్షణా లేదు. ఆ గాయాన్ని మామూలు గుద్దు గాయంగానే చూస్తారు.

ఇప్పుడు ఆ పది సెకన్ల విలువ అర్థమవుతుంది. ఒకే చీలిక, ఒకే రక్తం. "గుద్దు" అంటే ఎదుటివాడికి టీకేఓ గెలుపు. "తల" అంటే నో కాంటెస్టో, స్కోరు కార్డులో. "కావాలని" అంటే డిస్‌క్వాలిఫికేషన్. ఒక్క మాట మీద ఒకరి బెల్టు, పారితోషికం, తర్వాతి అవకాశం అన్నీ ఆధారపడి ఉంటాయి.

తల తగిలిన క్షణంలో సరైన పద్ధతి ఇది. రిఫరీ "టైమ్" అని గట్టిగా అని గడియారం ఆపించాలి. గాయపడనివాడిని న్యూట్రల్ కార్నర్‌కు, అంటే ఇద్దరిలో ఎవరిదీ కాని మూలకు పంపాలి. ఆ తర్వాతే గాయపడినవాడి ముఖం చూడాలి. చూశాక తన నుదుటిని చేత్తో చూపిస్తూ, ఏ కన్ను దగ్గర గాయమో వేలితో చూపిస్తూ, మూడు వైపులా కూర్చున్న జడ్జీలకు, కమిషన్ బల్లకు, రెండు కార్నర్లకు (బాక్సర్ల సహాయక బృందాలకు) "తలలు తగిలాయి, అనుకోకుండా" అనో, "ఫౌల్, పాయింట్ కోత" అనో ఒకే మాటలో ప్రకటించాలి. పాయింట్ తీస్తే ఎవరికి తీస్తున్నాడో, ఎన్ని తీస్తున్నాడో ఒక్కో జడ్జీకి వేళ్లతో విడివిడిగా చూపాలి. అవసరమైతే డాక్టర్‌ను పిలవాలి. తర్వాత ఇద్దరినీ మధ్యకు తెచ్చి, ఇద్దరూ సిద్ధమని కళ్లలోకి చూసి నిర్ధారించుకుని, అప్పుడు మాత్రమే "టైమ్ ఇన్".

తలతో కొట్టినప్పుడు ఎదుటివాడు కింద పడితే అది నాక్‌డౌన్ (గుద్దుకు కింద పడటం) కాదు. లెక్కపెట్టకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా హడావిడిలో పొరపాటు జరుగుతూనే ఉంటుంది. రిఫరీ తల తగలడం చూడక లెక్క మొదలుపెడితే జడ్జీలు ఆ రౌండుకు 10-8 (నిలబడ్డవాడికి 10, పడినవాడికి 8) రాసేస్తారు. పాయింట్ తీసే అధికారం రిఫరీది, జడ్జీలది కాదు. కాబట్టి రిఫరీ చెప్పని ఫౌల్ కార్డు మీదికి ఎక్కదు. రిఫరీ పాయింట్ తీస్తే అది ఆ రౌండు స్కోరులోంచి పోతుంది. రౌండ్ 10-9తో గెలిచినవాడు 9-9 అవుతాడు. ఓడినవాడైతే 10-8 పడుతుంది.

క్రమంలోని చివరి అడుగు, అంటే ఆటను మళ్లీ మొదలుపెట్టడం, ఎంత ప్రమాదకరమో 2011 సెప్టెంబర్ 17న లాస్ వేగస్‌లో లోకమంతా చూసింది. ఫ్లాయిడ్ మేవెదర్ మీద విక్టర్ ఓర్టిజ్ నాలుగో రౌండులో తాళ్ల దగ్గర ఎగిరి మరీ తలతో కొట్టాడు. అనుకోకుండా అనడానికి ఏమాత్రం వీల్లేని హెడ్‌బట్ అది. రిఫరీ జో కోర్టెజ్ ఆట ఆపాడు, ఒక పాయింట్ తీశాడు. ఇద్దరినీ మధ్యకు తెచ్చాడు. ఓర్టిజ్ క్షమాపణగా కౌగిలించుకుని చేతులు దించాడు. ఆ సమయంలో కోర్టెజ్ చూపు రింగ్ బయట టైమ్‌కీపర్ వైపు ఉంది. మేవెదర్ ఎడమ, కుడి రెండు గుద్దులతో పడగొట్టాడు. ఆట మొదలైందా లేదా అన్న వాదం ఇప్పటికీ ఆగలేదు. నిబంధన ప్రకారం మేవెదర్ గెలుపు నిలబడింది. తనను తాను కాపాడుకోవాల్సిన బాధ్యత ఓర్టిజ్‌దే. కానీ రిఫరీ పని కోణం నుంచి చూస్తే లోపం స్పష్టం. ఆట మొదలుపెట్టే మాట అన్నాక రిఫరీ కళ్లు బాక్సర్లను వదలకూడదు. టైమ్‌కీపర్‌తో పని ఉంటే అది ముందే పూర్తి చేసుకోవాలి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, గుద్దా తలా అని గుర్తుపట్టడం.

కనుబొమ కింద ఎముక అంచు పదునుగా ఉంటుంది, దాని మీద చర్మం పలచన. గ్లవ్ తగిలినా, తల తగిలినా అక్కడ చర్మం ఎముకకూ దెబ్బకూ మధ్య నలిగి చీలుతుంది. కాబట్టి కనుబొమ దగ్గర చీలిక ఉందంటే దాన్నిబట్టి ఏమీ తేలదు. వెంట్రుకల అంచున, నడినెత్తిన, నుదుటి పైభాగంలో చీలితే మాత్రం దాదాపుగా తలే కారణం. మెత్త ఉన్న గ్లవ్ అక్కడ చర్మాన్ని చీల్చడం అరుదు. నుదుటి మీద నిమిషంలోపు గుడ్డులా పొంగిన వాపు కూడా ఎముకకు ఎముక తగిలిందని చెప్పే గుర్తు. 2002 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో హోలీఫీల్డ్‌తో ఆడిన హసీమ్ రహ్మాన్ నుదుటి మీద పెరిగిన గడ్డ అలాంటిదే. ఎనిమిదో రౌండులో ఆట ఆపేశారు. హోలీఫీల్డ్‌కు స్ప్లిట్ టెక్నికల్ డెసిషన్ (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మొగ్గుతో గెలుపు) వచ్చింది.

రెండో ఆధారం ఎదుటివాడి తల. ఒకరి కనుబొమ చిట్లిన ఎత్తులోనే మరొకరి నుదుటి మీద ఎర్రటి గుర్తు ఉంటే, లేదా జుట్టుకు తడి రక్తం అంటి ఉంటే అనుమానం అక్కర్లేదు. మూడోది శబ్దం. గ్లవ్ తగిలితే మెత్తటి చప్పుడు, తలలు తగిలితే పొడిగా "టక్" మంటుంది, దగ్గరున్న రిఫరీకి బాగా వినిపిస్తుంది. నాలుగోది ఇద్దరి స్పందన. గుద్దు తగిలితే తిన్నవాడు ఒక్కడే వెనక్కి వెళతాడు. తలలు తగిలితే ఇద్దరూ ఒక్కసారిగా విడిపోతారు, కొట్టినవాడు కూడా కళ్లు మూస్తాడు. కార్నర్ నుంచి వచ్చే అరుపులు మాత్రం ఆధారం కాదు. ప్రతి కార్నర్ ప్రతి చీలికకూ "తల, తల" అనే అరుస్తుంది.

వీటన్నిటికంటే పనికొచ్చేది ఒక అలవాటు. ఆట ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో నిబంధనలు చెప్పడానికి వెళ్లినప్పుడే ఇద్దరి కనుబొమల మీద పాత కుట్ల మచ్చలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. బౌట్ నడుస్తున్నప్పుడు క్లించ్ (ఒకరినొకరు పట్టుకుని ఉండిపోవడం) విడగొట్టిన ప్రతిసారీ రెండు ముఖాల మీద ఒక చూపు వేయాలి. అలా చేసిన రిఫరీకి "ఇప్పటిదాకా చర్మం బాగుంది, ఈ తాకిడి తర్వాతే చీలింది" అని ధైర్యంగా చెప్పే ఆధారం ఉంటుంది. లేకపోతే చీలిక ఎప్పుడు వచ్చిందో తెలియని స్థితిలో పడతాడు. అప్పుడు వీడియో వెతకడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎక్కడ నిలబడ్డాడన్నది కూడా అంతే ముఖ్యం. ఒక బాక్సర్ వీపు వెనక నుంచి చూస్తే తలల మధ్య సందు కనబడదు. ఇద్దరికీ పక్కగా, ముక్కోణంలో మూడో మూలగా ఉంటూ, ఛాతీలు ఏ వైపు తెరుచుకుంటాయో ఆ వైపుకు కదులుతూ ఉండాలి. బాక్సర్లు తిరిగితే రిఫరీ కూడా తిరగాలి. తాళ్ల దగ్గర మాత్రం ఇది కష్టం. అక్కడ సగం కోణం మూసుకుపోతుంది. అందుకే తలతో చేసే అల్లరి ఎక్కువగా తాళ్ల దగ్గరే జరుగుతుంది.

ఇక "కావాలనా, పొరపాటునా" అన్నది. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిది. ఈ రెండు గదుల మధ్య మూడోది ఒకటుంది, అజాగ్రత్త. అసలు గొడవంతా అక్కడే. తలతో కొట్టడమొక్కటే కాదు, తల ముందు పెట్టి చొచ్చుకురావడం కూడా ఫౌలే. అంటే గాయం అయ్యేదాకా రిఫరీ ఎదురుచూడనక్కర్లేదు. మొదటిసారి తలలు తగిలితే ఇద్దరికీ కలిపి "తలలు జాగ్రత్త" అనడం సరిపోతుంది. రెండోసారి అదే వ్యక్తి తల ముందు వస్తే ఆట ఆపి, అతనొక్కడినే పిలిచి, జడ్జీలకు కనబడేలా హెచ్చరించాలి. మూడోసారి పాయింట్ తీయాలి. చాలామంది రిఫరీలు మొదటి మెట్టు మీదే నిలబడి ఎనిమిది రౌండ్లపాటు "తలలు జాగ్రత్త" అని ఇద్దరికీ చెబుతూనే ఉంటారు. తప్పు ఒకడిదైతే హెచ్చరిక ఇద్దరికీ ఇవ్వడం సమదృష్టి కాదు. తప్పు చేయనివాడు కూడా దూరంగా ఆడటం మొదలుపెడతాడు, చేసినవాడికి అది లాభం.

అజాగ్రత్తనూ దురుద్దేశాన్నీ గుర్తుపట్టే లక్షణాలు కొన్ని ఉన్నాయి. గుద్దు లేకుండా తల దించి లోపలికి వస్తున్నాడా? చూపు ఎదుటివాడి ఛాతీ మీద కాక నేల మీద ఉందా? నేలను చూస్తూ వచ్చేవాడు కొట్టడానికి రావడం లేదు, తగలడానికి వస్తున్నాడు. "బ్రేక్" అన్నాక కూడా తల పైకి లేపుతున్నాడా? చేత్తో ఎదుటివాడి మెడ పట్టి తన నుదుటి వైపు లాగుతున్నాడా? అప్పటికే చీలిన కనుబొమకు క్లించ్‌లో జుట్టు రుద్దుతున్నాడా? చివరి రెండూ కనబడితే హెచ్చరిక కూడా అనవసరం, నేరుగా పాయింటే. దీనికి భిన్నంగా, ఇద్దరూ ఒకేసారి ముందుకు అడుగేసి వెనక చేత్తో గుద్దు విసురుతుండగా తలలు కలిస్తే, ఎంత రక్తం కారినా అది ప్రమాదమే. రక్తం ఎంత కారిందన్నది ఉద్దేశానికి కొలమానం కాదు.

కుడిచేతి వాటం వాడికి, ఎడమచేతి వాటం వాడికి, అంటే ఆర్థడాక్స్‌కూ సౌత్‌పాకూ పోరు పడితే తలలు తగలడం ఎందుకు ఎక్కువ? ఒకరి ఎడమ కాలు, మరొకరి కుడి కాలు ఎదురెదురుగా ఒకే గీత మీద ఉంటాయి. ఇద్దరూ తమ ముందు కాలిని ఎదుటివాడి ముందు కాలికి బయటి వైపు పెట్టాలని చూస్తారు, అలా పెట్టినవాడికే వెనక చేతి గుద్దు సూటిగా దొరుకుతుంది కాబట్టి. ఇద్దరూ ఒకే జాగా కోసం ఒకేసారి వాలితే ముందు పాదాలు తొక్కుకుంటాయి, తర్వాత తలలు కలుస్తాయి. 2011 జనవరి 29న పొంటియాక్ సిల్వర్‌డోమ్‌లో టిమొతీ బ్రాడ్లీ, డెవన్ అలెగ్జాండర్ పోరు దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. బ్రాడ్లీ ఆర్థడాక్స్, పొట్టి, తల ముందు పెట్టి దూసుకొచ్చే తరహా. అలెగ్జాండర్ సౌత్‌పా. పదే పదే తలలు కలిశాయి. పదో రౌండులో మళ్లీ తగిలాక అలెగ్జాండర్ కళ్లు తెరవలేకపోయాడు, డాక్టర్ సలహా మీద ఆట ఆగింది. 97-93, 96-95, 98-93తో బ్రాడ్లీకి టెక్నికల్ డెసిషన్. బ్రాడ్లీ ఆ రాత్రి మెరుగ్గానే ఆడాడు, గెలుపుకు అర్హుడే. కానీ మధ్య రౌండ్లలోనే అతని తల విషయంలో గట్టి హెచ్చరిక, అవసరమైతే పాయింట్ కోత పడి ఉంటే అంత పెద్ద పోరు బహుశా పన్నెండు రౌండ్లూ నడిచేది.

నాలుగు రౌండ్ల గీత తెచ్చే చిక్కు 2009 మార్చి 14న మాంచెస్టర్‌లో కనబడింది. ఆమిర్ ఖాన్, మార్కో ఆంటోనియో బరేరా పోరులో మొదటి రౌండులోనే తలలు తగిలి బరేరాకు భయంకరమైన చీలిక అయింది. ఆటను ఐదో రౌండులో ఆపారు. కార్డుల మీద ఖాన్ ఎంతో ముందున్నాడు కాబట్టి గెలుపు అతనిదైంది. నాలుగో రౌండు పూర్తికాకముందే ఆపి ఉంటే నో కాంటెస్ట్ అయ్యేది కదా అని బరేరా పక్షం నిరసన తెలిపింది. అది న్యాయమైన ప్రశ్నే. అంత చీలికతో రెండో రౌండులో ఆడగలిగినవాడు ఐదో రౌండులో ఎందుకు ఆడలేడు? దీనికి జవాబు ఒకటే. చీలికలు ముదురుతాయి, రక్తం కంట్లోకి రావడం పెరుగుతుంది. అయినా రిఫరీ, డాక్టర్ ఇద్దరూ ఆ సమయంలో ఎన్నో రౌండు నడుస్తోందన్నది పూర్తిగా మరిచిపోవాలి. మూడో రౌండు చివర "ఇంకొక్క రౌండు చూద్దాం" అన్న మాట నోటి నుంచి వచ్చిందంటే, వైద్య నిర్ణయం కాస్తా ఫలితాన్ని ఎంచుకునే నిర్ణయంగా మారిపోయినట్టే. కార్నర్లు మాత్రం ఆ లెక్కే వేస్తాయి. ముందున్నవాడి కార్నర్ నాలుగో గంట కోసం ఎదురుచూస్తుంది, వెనకున్నవాడి కార్నర్ "కనబడటం లేదని చెప్పు" అంటుంది.

ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ నిబంధన దీనికి ఇంకో మలుపు. అనుకోకుండా తలలు తగిలి ఒక్కడికే చీలిక అయితే, గాయపడనివాడికి 1 పాయింట్ కోస్తారు. ఇద్దరికీ చీలితే కోత లేదు. తలను అదుపులో పెట్టుకునే బాధ్యత ఇద్దరిదీ కాబట్టి, నష్టాన్ని కొంత పంచాలన్నది దీని వెనక ఆలోచన. వినడానికి బాగుంటుంది. కానీ తప్పెవరిదో చూడకుండా, చర్మం గట్టిగా ఉన్నవాడికి శిక్ష వేయడం ఇది. తల ముందు పెట్టి వచ్చినవాడికే కనుబొమ చిట్లితే, పద్ధతిగా ఆడినవాడు పాయింట్ పోగొట్టుకుంటాడు. 1994 మే 7న జూలియో సీజర్ చావెజ్, ఫ్రాంకీ రాండాల్ రెండో పోరులో ఎనిమిదో రౌండులో తలలు తగిలి చావెజ్‌కు చీలిక అయింది, ఆట ఆగింది. రాండాల్‌కు ఈ నిబంధన కింద ఒక పాయింట్ పోయింది. చావెజ్ స్ప్లిట్ టెక్నికల్ డెసిషన్‌తో గెలిచాడు. అంత దగ్గరి పోరులో ఆ ఒక్క పాయింట్ ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఈ నిబంధనను కొన్ని కమిషన్లు తమ గడ్డ మీద అమలు చేయవు. అందుకే ఏ టైటిల్ పోరుకైనా ముందు జరిగే రూల్స్ మీటింగ్‌లో మేనేజర్ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇక్కడ ఏ నిబంధన నడుస్తుంది, కమిషన్‌దా, బెల్టు సంస్థదా అని. రింగ్‌లో రక్తం కారాక అడిగితే లాభం లేదు.

వీడియో రీప్లే వచ్చాక ఈ బాధలన్నీ తీరిపోతాయని చాలామంది ఆశపడ్డారు. 2020 నవంబర్ 14న లాస్ వేగస్‌లో జాషువా ఫ్రాంకో, ఆండ్రూ మొలోనీ రెండో పోరు ఆ ఆశకు హద్దులు చూపింది. మొదటి రౌండులోనే ఫ్రాంకో కుడి కన్ను వాయడం మొదలైంది. తలలు తగలడం వల్లేనని రిఫరీ రసెల్ మోరా ప్రకటించాడు. రెండు రౌండ్లయ్యాక కన్ను మూసుకుపోవడంతో ఆట ఆపేశారు. గుద్దు వల్లనైతే మొలోనీకి టీకేఓ గెలుపు, బెల్టు. తల వల్లనైతే నో కాంటెస్ట్. రీప్లే దాదాపు 26 నిమిషాలు చూశారు. చివరికి రిఫరీ మాటే నిలబడి నో కాంటెస్ట్ అయింది. మొలోనీ జాబ్‌లే (ముందు చేతి సూటి గుద్దులే) ఆ కన్నును మూశాయని అతని పక్షం, చూసినవాళ్లలో చాలామంది గట్టిగా వాదించారు. నా మాట కూడా అదే. ఆ కంటికి వరసగా తగిలిన గుద్దులు కళ్లకు కట్టినట్టు కనబడుతున్నాయి. కానీ రీప్లే బల్ల దగ్గర అడిగే ప్రశ్న "ఏది ఎక్కువ నమ్మదగింది" అన్నది కాదు. "రిఫరీ చెప్పింది తప్పని తిరుగులేని ఆధారం ఉందా" అన్నది. వాపు నెమ్మదిగా వస్తుంది, ఏ తాకిడి వల్ల మొదలైందో ఏ కెమెరా చూపలేదు. చీలికైతే ఫలానా ఫ్రేమ్‌లో చర్మం తెరుచుకుందని వేలు పెట్టి చూపవచ్చు. అందుకే వాపు విషయంలో రిఫరీ తొందరపడి "తల" అని ముద్ర వేయకూడదు. తలలు తగలడం తను స్వయంగా చూసి ఉండాలి. తగిలిన చోటే వాపు ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే ప్రకటించాలి.

కార్నర్ పని గురించి కొంచెం. రౌండ్ల మధ్య ఉన్నవి 60 సెకన్లు, స్టూల్ దగ్గరికి వచ్చేసరికి అందులో కొన్ని పోతాయి. కట్‌మ్యాన్ (చీలికలు చూసుకునే సహాయకుడు) ముందు పొడి శుభ్రమైన గుడ్డతో రక్తం ఒక్కసారి అద్దాలి. తర్వాత 1:1000 అడ్రినలిన్‌లో (రక్తనాళాలను కుదించే మందు) ముంచిన దూది పుల్లను చీలిక లోపలికి పెట్టి, కదపకుండా 30, 40 సెకన్లు నొక్కిపట్టాలి. చివర వాజలిన్ మందంగా పూయాలి. కొత్తవాళ్లు చేసే తప్పు, రక్తం ఆగిందా అని పది సెకన్లకోసారి తీసి చూడటం. తీసిన ప్రతిసారీ గడ్డకడుతున్న రక్తం ఊడి మళ్లీ మొదటికొస్తుంది. మందు కంట్లోకి కారకూడదు. రక్తం ఆపే మాన్సెల్ ద్రావణం లాంటి ఘాటైనవి వాడకూడదు, కంటిని దెబ్బతీస్తాయి. వాపు మీద చల్లటి ఎన్‌స్వెల్ లోహపు ముక్కను నిలకడగా అదిమి ఉంచాలి. పక్కకు తోసి రుద్దితే కింద రక్తనాళాలు ఇంకా చితికి, వాపు కంటి వైపే జారుతుంది.

డాక్టర్ చూసేది చీలిక పొడవు కాదు, అది ఎక్కడుందన్నది. కనుబొమ బయటి కొస దగ్గర పొడవాటి చీలికతో పన్నెండు రౌండ్లు ఆడినవాళ్లు ఉన్నారు. పైరెప్ప అంచున, ముక్కు పక్కన కన్నీటి గొట్టం దగ్గర, కంటి పైన నరం వెళ్లే చోట చిన్న చీలికైనా ఆపాల్సిందే. ఒక కన్ను మూసి వేళ్లు లెక్కపెట్టించాలి. తల తాకిడిలో రక్తం రాకుండా మెదడు అదరవచ్చు. అందుకే రక్తం లేదని ఊరుకోకుండా, ఎన్నో రౌండని అడగాలి, రెండడుగులు నడిపించి చూడాలి. నడుం కింద గుద్దు తగిలినవాడికి 5 నిమిషాల దాకా ఇస్తారని అందరికీ గుర్తుంటుంది. తల తగిలి కళ్లు బైర్లు కమ్మినవాడికి ఊపిరి పీల్చుకునే సమయం ఇవ్వాలన్నది మాత్రం చాలా మంది రిఫరీలకు గుర్తుండదు.

మన దగ్గర బాక్సింగ్ అంటే నిజామాబాద్ నిఖత్ జరీన్ పోటీలు చూసి ఆట నేర్చుకున్నవాళ్లు ఎక్కువ. అక్కడి అనుభవంతో ప్రొఫెషనల్ పోరును కొలిస్తే తేడా వస్తుంది. మహిళల అమెచ్యూర్ పోటీల్లో తలకు రక్షణ కవచం ఉంటుంది, ఆడేది మూడు రౌండ్లు. కవచం చీలికల నుంచి చాలావరకు కాపాడుతుంది. ఎలైట్ పురుషులకు 2013లో ఆ కవచం తీసేశాక అమెచ్యూర్లలోనూ తల తాకిడి చీలికలు పెద్ద సమస్యయ్యాయి. కవచంతో ఏళ్ల తరబడి సాధన చేసి ప్రొఫెషనల్‌కు మారే కుర్రాళ్లు దీన్ని ప్రత్యేకంగా దిద్దుకోవాలి. కవచం ఉన్నప్పుడు తల ముందు పెట్టి లోపలికి వెళ్లడం అలవాటైపోతుంది, నొప్పి తెలియదు కాబట్టి. లోపలికి వెళ్లేటప్పుడు జాబ్ ముందు వెళ్లాలి, కళ్లు ఎదుటివాడి ఛాతీ మీద ఉండాలి, తల మధ్య గీత మీద కాక ఒక పక్కకు జరిగి ఉండాలి. దగ్గరికి చేరాక నుదురు ఎదుటివాడి ముఖానికి కాక భుజానికి ఆనాలి. కిందికి వంగినవాడు పైకి లేచేటప్పుడు నిటారుగా లేవకూడదు, పక్కకు జరుగుతూ లేవాలి. నిటారుగా లేచిన నడినెత్తే ఎదుటివాడి గడ్డానికో కనుబొమకో తగులుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. 1996 నవంబర్ 9న జరిగిన మొదటి పోరులోనే ఆరో రౌండులో హోలీఫీల్డ్ తల తగిలి టైసన్ ఎడమ కన్ను దగ్గర చీలింది. రిఫరీ మిచ్ హాల్పెర్న్ అది అనుకోకుండా జరిగిందన్నాడు. రెండో పోరుకు కూడా హాల్పెర్న్‌నే వేస్తే టైసన్ పక్షం అభ్యంతరం చెప్పింది, అతను తప్పుకున్నాడు, మిల్స్ లేన్ వచ్చాడు. 1997 జూన్ 28న రెండో రౌండులో మళ్లీ అదే జరిగింది. ఒక్క ఆ తాకిడినే తీసుకుంటే లేన్ మాట తప్పనలేం. హోలీఫీల్డ్ ఎత్తు నుంచి ముందుకు వాలుతూ వస్తాడు, టైసన్ కిందికి వంగి పైకి లేస్తూ కొడతాడు. ఆ రెండు కదలికలు ఒకే చోట కలిస్తే తలలు తగలక తప్పదు. కానీ అదే తల, అదే మనిషికి, రెండు పోరుల్లో రెండు చీలికలు తెచ్చిందంటే అది అలవాటు. ఆ రౌండులోనే హోలీఫీల్డ్‌ను విడిగా పిలిచి, తల ముందు పెట్టినందుకు అందరికీ కనబడేలా హెచ్చరించి ఉండాల్సింది. మరోసారి వస్తే పాయింట్ అని చెప్పి ఉండాల్సింది. అది జరగలేదు, లోటు అక్కడే ఉంది.

మూడో రౌండులో టైసన్ కొరికింది మాత్రం దీనికి జవాబు కానే కాదు. మొదట కుడి చెవి కొరికినప్పుడు లేన్ ఆట ఆపాడు, డిస్‌క్వాలిఫై చేయాలనే అనుకున్నాడు. హోలీఫీల్డ్ ఆడగలడని డాక్టర్ చెప్పాక 2 పాయింట్లు తీసి కొనసాగించాడు. తర్వాత రెండో చెవి కొరికాక ఆ రౌండు ముగియగానే డిస్‌క్వాలిఫై చేశాడు. ఆ క్రమంలో ప్రతి అడుగూ జడ్జీలకు, కమిషన్‌కు, డాక్టర్‌కు తెలిసేలా నడిచింది. అంతటి స్పష్టత ఒక రౌండు ముందు, తల తగిలిన చోట ఉండి ఉండాల్సింది.